మల్లయ్య తాడులో ఏడాది నీళ్లు

1982 జూలైలో నన్ను జనగామ సబ్ డివిజన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. చేరిన మూడో రోజే చిన్న జల విద్యుత్ సర్వే అంటగట్టారు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు అప్పుడే ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. చైనాలో వాగు వాగుకూ ఒక కరెంటు కేంద్రం ఉందనీ, నేపాల్ కొండల్లో పిల్లకాలువలతో పిండి మరలు తిప్పుతున్నారనీ రెండు గంటలు చెప్పారు. ఆ ఉపన్యాసం ధాటికే ఒక చిన్న టర్బైను తిరిగేది. చివర్లో, జిల్లాలో అలాంటి వాగొకటి వెతకమన్నారు.

వెతికాను. మొగుళ్లపల్లి దాటి, జీపు ఎముకలేవో నా ఎముకలేవో తెలియనంతగా కుదిపాక, ఒక ఊరి గుట్ట మీంచి దూకే ఒర్రె, అంటే చిన్న వాగు, దొరికింది. కొలిస్తే ఎనిమిది మీటర్ల ఎత్తు. నా కంటికి మాత్రం నయాగరా. ఈ విద్యలో కావలసినవి రెండే అంకెలు: నీరు ఎంత ఎత్తు నుంచి పడుతుంది, ఎంత పడుతుంది. మొదటిది ఒక్క పూటలో తేలుతుంది. రెండోదానికి ఏడాది పొడుగునా రోజూ చూడాలి.

ఆ ఊరి నీరటి మల్లయ్య. చెరువు తూము ఎత్తడం, దించడం, పొలాలకు వంతులవారీగా నీళ్లు వదలడం అతని పని. ఒర్రె నీళ్లు ఆ చెరువులోనే పడేవి. "ఎండకాలంల నెల దినాలు ఎండుతది గంతె. కడమ నెలలన్ని పారుతది సారూ," అన్నాడు. నోటిమాట చెల్లదు, రాసి ఉండాలన్నాను. కరెంటొస్తే ఏం చేసుకుంటావంటే బల్బుల ఊసే ఎత్తలేదు.

"గిర్ని వెట్టుకుంటం. మా ముసల్ది వడ్ల మూట నెత్తిన వెట్టుకొని మొగుళ్లపల్లి దాక నడుస్తది. మోకాళ్లు పోయినయి దానియి."

ఒర్రెలో మూడు రంగు గీతల గేజి కర్ర పాతించి, నోటు పుస్తకం, పెన్సిలు అతని చేతిలో పెట్టాను. రోజూ పొద్దున నీరు ఏ గీతను తాకిందో రాయాలి.

"రాసుడా?" అన్నాడు.

"ఏముంది, చూసుడు, రాసుడు," అన్నాను.

తల ఊపాడు. చదువొచ్చా అని అడగాలని నా ఇంజనీరింగు పట్టా నాకు నేర్పలేదు. నెలనెలా వస్తానన్నాను. జీపు ఆ ఏడంతా పెద్దల ఇళ్ల పెళ్లిళ్లకే తిరిగింది. బస్సు ఉండనే ఉంది, నేనే ఎక్కలేదు.

మరుసటి జూలైలో మల్లయ్య మూడు బస్సులు మారి జనగామ ఆఫీసుకు వచ్చాడు. భుజం మీద కొండచిలువంత తాడు చుట్ట. నోటు పుస్తకంలో ఒక్క గీత లేదు.

"సదువు రాదు సారూ. సెప్తె ఇంకొకల్లకిస్తవని సెప్పలే. ముడులేసిన."

రోజుకొక ముడి. నీరు కింది గీతను తాకితే ఒంటి ముడి, నడిమి గీతకు జంట ముడి, పై గీతకు నిమ్మకాయంత బుడిపె. ఒర్రె ఎండిన రోజు ముడిలో గడ్డిపోచ. అమావాస్యకు ఎర్ర పేలిక. వరండాలో పరిస్తే ఈ కొస నుంచి ఆ కొసకు పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. మల్లయ్య వేలు పెట్టి, "గియ్యి దసర నాటియి, గీడ ముసురు వట్టింది," అని చదువుకుంటూ పోయాడు. నేను గడ్డిపోచలు లెక్కపెట్టాను. ఇరవై ఆరు. ఏడాదిలో తొమ్మిది నెలలు పారితే చాలు, పథకానికి అర్హత వచ్చినట్టే.

కానీ నివేదిక ఆ సాయంత్రమే పోవాలి. ముడులన్నీ అంకెలుగా దించాలంటే మల్లయ్యతో రెండు రోజులు కూర్చోవాలి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి గదిలోకి వెళ్లి సంగతి చెప్పాను.

"ఫారంలో అంకెలుంటాయయ్యా. తాడు జతపరిచి పంపుతావా?" అన్నారు. గదిలో ఉన్న ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. 1969 ఉద్యమంలో ఉద్యోగాల కోసం అరిచి ఓరుగల్లు కోట గోడలు కదిలించిన గొంతు నాది. ఉద్యోగం వచ్చాక రెండు రోజుల గడువు అడగడానికి పెగల్లేదు. 'గేజి రికార్డు లేదు' అని రాసి సంతకం పెట్టాను. రికార్డు లేని వాగును జాబితా నుంచి తీసేయడం నియమం.

తాడు వదిలి వెళ్లమన్నాను. "సమజ్ కాకుంటె కబురు వెట్టు సారూ, మల్లొస్త," అని మల్లయ్య బస్సుకు నడిచాడు.

మరుసటి ఏడు నన్ను మహబూబాబాద్‌కు మార్చారు. లారీలోంచి సామాను దించుతుంటే నా మంచానికి కట్టిన తాడుకు ఎర్ర పేలికలు కనిపించాయి.

"ముడులు అడ్డమొస్తున్నయని ఇప్పిన సారూ. గోర్లు ఊడినయనుకో," అని గొప్పగా చెప్పాడు, సామాను కట్టి వెంట వచ్చిన మా జనగామ అటెండరు నర్సయ్య. ఒక్క ముడి మిగల్లేదు.

1985లో కురవి జాతరలో మల్లయ్య ఎదురయ్యాడు. పక్కన భార్య, చేతికర్ర మీద ఆనుకొని.

"మా ఒర్రె ముచ్చట ఏమాయె సారూ?"

నీళ్లు చాలలేదన్నాను. "నేనే యాడనో ముడి తప్పేసినట్టున్న," అని భార్యతో అన్నాడు.

"నీకు లెక్కలు ఎన్నడొచ్చినయి గనుక!" అని ఆమె విసుక్కుంది. నేను జాతర జనంలో కలిసిపోయాను.

ఆ తర్వాత సర్వీసు మొత్తంలో ఎవరికి గేజి కర్ర అప్పగించినా, నువ్వు ఎట్లా లెక్కపెడతావని ముందు అడిగాను. వాళ్ల లెక్కను ఫారంలోకి దించడం ఇంజనీరు పని అని అప్పటికి తెలిసింది. ఆ రోజు జనగామలో నేను సంతకం పెట్టిన వాక్యం అబద్ధం. రికార్డు ఉంది.