పక్క సీటాయన పొట్లం

భద్రాచలం బస్సు టేకులపల్లి దాటి అడవిలో పడగానే, పక్క సీటాయన రుమాలులో చుట్టిన పొట్లమొకటి నా ఒళ్లో పెట్టాడు.

“జర పట్టుకో అన్నా. మధ్యల నేనడిగినా ఇయ్యకు.”

ముక్కూ మొహం తెలియని మనిషి. ఆ రోజుల్లో ఆ దారిలో పోలీసులు నక్సలైట్ల కోసం బస్సులాపి సంచులు వెతికేవారు. దొరికితే నా దగ్గర దొరకాలనే ఇచ్చాడనుకున్నాను. తిరిగి ఇవ్వబోతే చేతులు వెనక్కి దాచుకున్నాడు. కాసేపటికి తనే ఇమ్మని చేయి చాపి, అంతలోనే లాక్కున్నాడు. నా అనుమానం ముదిరింది.

చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ రుమాలు విప్పించాడు. లోపల ఒక బీడీకట్ట, అగ్గిపెట్టె. అంతే.

బస్సు కదిలాక ఆయన తల వంచుకుని చెప్పాడు. “మానేస్తున్న అన్నా. ఇంట్లోళ్లకిస్తే కొట్లాడి గుంజుకుంట. తెల్వనోళ్లనైతే అడగాలంటే సిగ్గయితది.”

నా జేబులోనూ సిగరెట్ పెట్టె ఉంది.

భద్రాచలంలో పొట్లం అందిస్తే, “ఇప్పుడు నేనడుగుతలేను గద” అని, తీసుకోకుండానే దిగిపోయాడు.

తిరుగు బస్సులో నా సిగరెట్ పెట్టె తీసి పక్కనున్న పెద్దాయన చేతిలో పెట్టి, అడిగినా ఇవ్వొద్దన్నాను. ఆయన దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, కండక్టర్‌ను పిలిచాడు.