ఉప్పు కయ్యలో వదిన

మా వదినా నేనూ ఉప్పు కయ్యల్లో ఒకే జట్టు. ఆమె కొయ్య పారతో ఉప్పు లాగి కుప్ప చేస్తే, నేను తట్టకెత్తుకుని గట్టు మీదికి మోసేదాన్ని. ఆ మే నెల పొద్దున సముద్రపు గాలి ఉన్నట్టుండి పడిపోయింది. ఎటు చూసినా తెల్లగా, కళ్లు తెరవలేనంత ఎండ.

పదకొండు దాటినాక చూస్తే, వదిన ఉప్పు లేనిచోటే పార లాగతా ఉంది.

"వదినా, గట్టెక్కు. కాసిన్ని నీళ్లు తాగుదువుగాని."

"అన్నం పొంగతా ఉంది మే, దించాల" అనింది.

ముందు నాకు నవ్వొచ్చింది. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటే పొడిగా, పెనం మాదిరి కాలతా ఉంది. చుక్క చెమట లేదు. అంతలోనే ఆమె మోకాళ్ల మీద కూలబడి పక్కకు ఒరిగిపోయింది.

నా కేకలకు మేస్త్రి పరిగెత్తుకొచ్చినాడు. ఇద్దరం మోసుకుపోయి టార్పాలిన్ పట్ట నీడన పడుకోబెట్టినాం. నేను గ్లాసు నోటి దగ్గర పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఆమెకు తెలివి తప్పింది. నీళ్లు పొరబోయి ఊపిరాడకపోతే ప్రాణం మీదికొస్తాది. నీళ్లు ఒంటి మీద పొయ్యి!"

ఆయన అంబులెన్సుకు ఫోన్ చేస్తా ఉంటే, క్యాన్లో నీళ్లన్నీ ఆమె మీద గుమ్మరించినా. కయ్యల నిండా నీళ్లే గానీ అవి వేన్నీళ్ల మాదిరి కాగిపోయున్నాయి. తువ్వాలతో విసరతా, "వదినా, పలుకు" అని ఎంత అరిచినా కళ్లు తెరవలేదు. ఊపిరి ఆడతా ఉందో లేదోనని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగింది?"

"రెండు గుక్కలు కూడా తాగలేదమ్మా" అన్నా. ఆ బయల్లో ఆడవాళ్లు ఒంటికి పోను చాటు లేదు. అందుకే పనిలో మేమెవరమూ కడుపునిండా నీళ్లు తాగేవాళ్లం కాదు. ఆమె పడుకున్న మంచం మీద నేనైనా ఉండేదాన్నే.

మూడోరోజుకు వదిన నన్ను గుర్తుపట్టింది. మళ్లీ కయ్యలోకి మాత్రం దిగలేదు.

మేం ఆడవాళ్లమంతా పోయి మేస్త్రితో "చాటు కట్టిస్తేనే పనికొస్తాం అన్నా" అని తెగేసి చెప్పినాం. తాటాకు తడికెలు కట్టించినాడు. ఇప్పుడు తెల్లారకముందే దిగి పదికల్లా గట్టెక్కతాం. అరగంటకొకసారి ఆయన విజిల్ వేస్తే, దాహమున్నా లేకున్నా అందరం తాగతాం. అయినా గాలి పడిపోయిన రోజు పనికి పోవాలంటే నాకు కాళ్లాడవు.