ఏడో చాప్టర్ దాకా చదివి వినిపించిన వసుంధర ఆంటీ

...నిన్న "ఆంటీ ఇక లేరు" అని ఒక్క ముక్క పెట్టి మాయమైపోయాను. మీరందరూ ఏమైందని అడిగారు. జవాబివ్వలేకపోయాను, సారీ.

కారులో విన్నాను. అమ్మ డ్రైవ్ చేస్తోంది, మోటార్‌వే మీద టకానిని ఎగ్జిట్ దగ్గరున్నాం. స్పీకర్‌లో అమ్మ ఫ్రెండ్ గొంతు: "వసుంధర గారు పోయారంటండీ. నిద్రలోనే."

"అయ్యో, నీ తెలుగు టీచరమ్మే" అంది అమ్మ.

నేను కిటికీ వైపు తిరిగాను.

టీచర్ పోతే ఎంత ఏడవాలో అంతే ఏడవాలి. ఎక్కువ ఏడిస్తే అమ్మ ఎందుకని అడుగుతుంది.

మన గేమ్ గ్రూప్‌లో ఉన్న మీ పదకొండు మందికీ ఆవిడ "ట్రాన్స్‌లేషన్ ఆంటీ" మాత్రమే. పేరు నేనే దాచాను. వసుంధర ఆంటీ. అరవై ఒక్కేళ్ళు. ఫ్లాట్ బుష్ సబర్బ్‌లో మెట్లున్న తెల్ల ఇల్లు. అంకుల్ ఉద్యోగం కోసం జపాన్‌లో పదకొండేళ్ళున్నారు. ఆంటీ అక్కడ లంచ్ బాక్సులు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనిచేశారు. కొడుకు స్కూల్ నుంచి వచ్చే నోటీసులు ఒక్కొక్కటీ కూడబలుక్కుని జపనీస్ చదవడం నేర్చుకున్నారు.

అమ్మ నన్ను శనివారాలు ఆవిడ దగ్గరికి పంపింది నిజంగా తెలుగు నేర్చుకోవడానికే. మూడో శనివారం నా బ్యాగులోంచి గేమ్ డబ్బా కిందపడింది. మన గేమే. దీవి, పడవలు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. జపాన్‌లో తప్ప ఎక్కడా రిలీజ్ చేయని గేమ్.

ఆంటీ తీసి, దాని మీది జపనీస్ పేరు గడగడా చదివేశారు. కూరగాయల లిస్టు చదివినట్టు.

అప్పటికి నేను రెండేళ్ళుగా ఇంగ్లీష్ వెర్షన్ కోసం ఎదురుచూస్తున్నాను. పిటిషన్ల మీద సంతకాలు పెట్టాను. గేమ్‌ని ఇంగ్లీష్‌లోకి ప్యాచ్ చేస్తామన్న ఫ్యాన్స్ టీమ్ మూడో చాప్టర్ తర్వాత కనిపించకుండా పోయింది. ఫోన్ కెమెరా ట్రాన్స్‌లేటర్ పెట్టి చూస్తే "మా అమ్మమ్మ చాలా రుచిగా ఉంటుంది" అని వచ్చేది. మీకు తెలుసుగా ఆ బాధ. కథ కళ్ళముందే ఉంటుంది, మనం మాత్రం బయటే నిలబడి ఉంటాం.

ఆంటీకి ఇదంతా చెప్పాను. "ఇంతమంది అడుగుతుంటే ఇవ్వడానికి వాళ్ళకేం నెప్పే?" అన్నారు. ఆ రోజే కంపెనీకి జపనీస్‌లో ఈమెయిల్ రాశారు. నెల తర్వాత జవాబొచ్చింది. చాలా గౌరవంగా, చాలా పొడుగ్గా. ప్రస్తుతానికి ఆలోచన లేదని.

ఆంటీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత మర్యాదగా కాదన్నాడంటే, ఇంక ఇవ్వడు. పోనీలే. నేను చెప్తా, నువ్వు రాయి."

అలా మొదలైంది. పవన్ అన్న, అంటే ఆంటీ కొడుకు, వదిలేసిన పాత గేమ్ మెషీన్‌ని టీవీకి తగిలించాం. ఆంటీకి ఇంగ్లీష్ అంత సౌకర్యం కాదు, అందుకే తెలుగులో చెప్పేవారు. నేను రాసేదాన్ని. తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దేవారు. మధ్యలో తిట్లు. "ఈ పిల్ల ఎంతసేపు ఏడుస్తుందే, బటన్ నొక్కు!" అని నన్ను తిట్టి, మూడు నిమిషాలకి తనే పైటకొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు.

అక్క పడవెక్కే సీన్ గుర్తుందా? అక్కడ అక్క జపనీస్‌లో అన్న మాటకి తెలుగు వెతుక్కోవడానికి ఆంటీ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "వెళ్ళొస్తా. సరిగ్గా ఇదే అంది. వెళ్ళి, వస్తాను అని. రాసుకో" అన్నారు. ఇంగ్లీష్‌లో వచ్చి ఉంటే ఆ మాట ఇలా వినేదాన్ని కాదేమో.

ఇప్పుడు అసలు సంగతి.

స్కూల్లో ఇయర్ లెవన్‌లో నా మార్కులు పడిపోయినప్పటి నుంచి మా ఇంట్లో గేమ్స్ బ్యాన్. "ఇంకెప్పుడూ ఆడను" అని అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాను. ఏడాదిన్నరగా ప్రతి శనివారం అబద్ధం చెప్పాను. అమ్మకి చూపించడానికి గుణింతాల పుస్తకం వేరే ఉంది. కథ రాసిన నాలుగు నోట్‌బుక్స్ ఆంటీ ఇంట్లోనే ఉన్నాయి. మీకు ఫొటోలు పెట్టింది ఐదో చాప్టర్ వరకే. ఆరు, ఏడు వాటిలో తప్ప ఇంకెక్కడా లేవు.

పవన్ అన్న ఇక్కడికి దూరంగా, డునెడిన్ ఊళ్ళో హాస్పిటల్‌లో పనిచేస్తాడు. రాత్రి వచ్చాడు. ఇవాళ మధ్యాహ్నం మా ఊరి తెలుగు ఫ్యామిలీస్ గ్రూప్‌లో ఒక పేజీ ఫొటో పెట్టాడు.

"అమ్మ మంచం పక్కన ఈ నోట్‌బుక్స్ దొరికాయి. ఏదో కథ, ఎవరో పిల్లల రైటింగ్. ఎవరివో చెప్తే ఇచ్చేస్తాను. లేకపోతే సోమవారం అమ్మతోపాటే పెట్టేస్తాం."

అమ్మతోపాటే. అంటే కాఫిన్‌లో. అంటే దహనంలో.

అమ్మ ఆ పేజీని భోజనాల బల్ల దగ్గర పైకి చదివింది. నాన్నకి వినిపించింది. "ఎవరి పిల్లో గానీ, ఎంత ముద్దుగా రాసిందండీ! మనదానికింకా గుణింతాలే" అంది.

కంచం తీసుకెళ్ళి సింక్‌లో పెట్టేశాను.

రూమ్‌కి వచ్చి తలుపేసుకున్నాను. నోట్‌బుక్స్‌ని ఆంటీతోనే వెళ్ళిపోనిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అది కూడా ప్రేమలాగే ఉంటుంది. కానీ ఆవిడ మోకాళ్ళ నొప్పితో సోఫా అంచున కూర్చుని, ఒక్కో లైనూ రెండుసార్లు చదివి చెప్పింది కాల్చేయడానికి కాదు.

పది నిమిషాల క్రితం ఆ ఫ్యామిలీస్ గ్రూప్‌లో రాశాను. తెలుగులోనే.

"పవన్ అన్నా, అవి నావి. ఆంటీ చెప్పారు, నేను రాశాను. దయచేసి కాల్చకండి."

అమ్మ చూసింది. చూసినట్టు నా ఫోన్‌లో కనిపిస్తోంది. కింద టీవీ ఆగిపోయింది.

ఆంటీ, మిగిలిన రెండు చాప్టర్లకి మీ గొంతు లేదు. జపనీస్ నేర్చుకుంటాను, ఎన్నేళ్ళు పట్టినా. మీ మోకాళ్ళకి మెట్లు లేని చోట, ఎవరూ తొందరపెట్టని చోట, మీ మనసు చల్లగా ఉండాలి.

మెట్ల మీద అడుగులు. అమ్మ తలుపు కొడుతోంది. పిలవట్లేదు, ఉత్తినే కొడుతోంది.

ఫోన్ దిండు కింద పెట్టేస్తున్నా