పుల్లీ మార్చినా ఆగని వణుకు

ఆ రోజు రందా మిషన్ మీద టేకు పలకను సాపు చేస్తుంటే కుడి అరచేతిలో జుమ్మని వణుకు మొదలైంది. తల్లాడ దగ్గర మా ఊళ్లో నాకు చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. తప్పు మిషన్‌దే అనుకున్నాను. మోటారు బెల్టుతో బ్లేడ్ల షాఫ్టును తిప్పే పుల్లీ అరిగి, అటూ ఇటూ ఊగుతోంది మరి. మాలాంటి పనివాళ్లందరూ చేసే వైద్యమే చేశాను: వదులైన చోట రేకు ముక్క దూర్చి బిగించాను. అది నాలుగు రోజులు కూడా నిలవలేదు.

ఇక లాభం లేదని వైరా లేత్ షాపులో షాఫ్టు సరిచేయించి, రెండు బెల్టులు పట్టే పోత ఇనుప పుల్లీలు వేయించాను. పుల్లీలు రెండూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం లాగి చూసుకుని మిషన్ తిప్పాను. చేతిలో అదే వణుకు!

లేత్ షాపతన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే, నా భార్య సుజాత గ్లాసుడు నీళ్లు తెచ్చి తిరుగుతున్న మిషన్ బల్ల చివర పెట్టింది. నీళ్లు కదల్లేదు.

"బోరు మోటర్ బిగించినంక మా నాయిన గిట్లనే సూసెటోడు. మిషన్ మంచిగనే ఉన్నది. నీ చెయ్యే మంచిగ లేదు. దవాఖానకు పోదాం పా" అంది.

మిషన్ ఆపేశాను. అరచేతిలో వణుకు మాత్రం ఆగలేదు. అప్పుడు భయమేసింది.

ఖమ్మంలో డాక్టరమ్మ షుగర్ టెస్ట్, నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించారు. "కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. ఏళ్లుగా వైబ్రేషన్ ఉండే మిషన్ మీద పని చేస్తున్నారు కదా, మణికట్టులో నరం నొక్కుకుపోయింది. ఈ చేత్తో బ్లేడు దగ్గరికి పోవద్దు, వేలు తెగినా తెలియదు" అన్నారు. మణికట్టు కదలకుండా స్ప్లింట్ కట్టుకున్నాను, మందులు మింగాను. అయినా మూడు వేళ్లు మొద్దుబారాయి. చివరికి ఆపరేషన్ చేశారు. కుట్ల దగ్గర చీము పట్టి మళ్లీ మంచమెక్కాను.

నొప్పి కంటే బెంగే ఎక్కువ బాధపెట్టింది. సాపైన టేకు మీద వేళ్లు జారిస్తే తెలిసే ఆ నునుపు కోసం ప్రాణం కొట్టుకునేది. కళ్లు మూసుకుని కూడా పలకలో ఎత్తుపల్లాలు చెప్పేవాణ్ని నేను! మిషన్ పని అందుకున్న నా బావమరిది "బావా, సాపైందా సూడు" అని పలక ఇచ్చేవాడు. గుడ్డ చుట్టిన చేత్తో తాకినట్టు ఉండేది. పలకను సుజాతకు అందించేవాణ్ని. ఆమె నిమిరి, "మూలకు గరుకున్నది తమ్మీ" అనేది. నాకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు కొలతలు, గీతలు, బిగింపులు నావి. మిషన్ పని బావమరిదిది. రెండు వేళ్లకు స్పర్శ తిరిగొచ్చింది. చూపుడువేలి కొసకు రాలేదు. "నరం కోలుకోవడానికి టైం పడుతుంది, ఆశ వదలొద్దు" అంటారు డాక్టరమ్మ. నాలాంటి పనివాళ్లకు ఒక్కమాట చెబుతాను. మిషన్ ఆపినా చేతిలో వణుకు ఆగకపోతే, ఇక మిషన్ విప్పడానికి పానాలు పట్టుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

రోజూ పొద్దున షెడ్డు తీయగానే ముందు చూపుడువేలితో ఏదో ఒక పలకను తాకుతాను. ఇవాళ కూడా తాకాను. ఏమీ తెలియలేదు.