జీపు చక్రాల కోతమిషన్

పెద్దవాళ్లు చేసే పనుల్లో సగం నా చిన్నప్పుడు నాకు అర్థమయ్యేవి కావు. అది ఎవరికైనా ఉండేదే. కానీ ఒక ఎండాకాలం మాత్రం మా ఇంట్లో ఎవరు ఏం చేసినా, ఎందుకు చేస్తున్నారో నాకు ఒక్కటీ అంతుబట్టలేదు. ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు, మోకాళ్ల నొప్పులున్నాయి. అయినా ఆ రోజులు తలపుకు వస్తే మళ్లీ రెండు జడల పిల్లనై, ఇంటి వెనక ఎండలో నిలబడి, ఒకసారి మా తాత మొహమూ ఒకసారి మా నాయిన మొహమూ చూస్తూ ఉంటాను.

మాది మెదక్. పెద్ద చర్చికి పోయే తోవలోంచి పక్కకు తిరిగితే మా గల్లీ. మా నాయిన ఊరి చివర కట్టెల కోతమిల్లులో పనిచేసేవాడు. మొద్దును నాలుగు పక్కలా తిరిగి చూసి, ఎటు నుంచి కోస్తే పలక చీలకుండా వస్తుందో చెప్పేవాడు. ఒకరోజు మొద్దు లోపల, ఎవరో ఎప్పుడో చెట్టుకు కొట్టిన మేకు రంపానికి తగిలింది. మొద్దు ఎగిరి, పట్టుకున్న చెయ్యి రంపంలోకి పోయింది. మా నాయిన కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే మిగిలాయి.

దవాఖాన నుంచి వచ్చాక ఆయన లోపలి అర్రలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గాయం మానింది, కట్టు విప్పారు. కానీ ఆ చేతిని తువ్వాల కింది నుంచి బయటికి తీయలేదు. ఎవరూ చూడనప్పుడు ఎడమచేత్తో నాలుగు మెతుకులు తినేవాడు. చర్చిలో మా నాయినతో పాటు పాటలు పాడేవాళ్లు వచ్చి, ధైర్యం చెప్పి, ప్రార్థన చేసి పోయేవాళ్లు. వాళ్లు గడప దాటగానే మళ్లీ గోడ. మా అమ్మ గుమ్మం దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తూ ఉండేది. ఆమె ఏడుస్తుందేమోనని నేను చూసేదాన్ని. ఏడ్చేది కాదు, ఆకులు కత్తిరించే చేతులు మాత్రం ఇంకా వేగంగా కదిలేవి. నాకు అది కూడా అర్థం కాలేదు.

ఇలా ఉండగా మా తాత పాత సామాను తేవడం మొదలుపెట్టాడు. ఆయన మా నాయినకు తండ్రి. బతుకంతా జీపులు బాగు చేసిన మనిషి. ముందు రెండు పాత జీపు చక్రాలు దొర్లించుకుంటూ వచ్చాడు, టైర్లతో సహా. తర్వాత చట్రాలు కట్టే ఇనుప యాంగ్లర్లు, తుప్పు పట్టిన బేరింగులు. ఆ తర్వాత హవేలిఘనపూర్‌లో ఎవరి బావి దగ్గరో మూలన పడి ఉన్న ఆయిల్ ఇంజను ఎడ్లబండి మీద దిగింది. నేను మా తాత జీపు తయారుచేస్తున్నాడనే అనుకున్నాను. దోస్తులందరికీ చెప్పుకున్నాను. ఆయన కాదనలేదు. మిగతా రెండు చక్రాలు ఎప్పుడొస్తాయని అడిగితే "వస్తయి బిడ్డా, జర ఆగు" అన్నాడు.

వచ్చింది చక్రాలు కాదు. ఒకరోజు గోనెసంచిలో చుట్టి ఏదో తెచ్చి, వెనక జాగలో విప్పాడు. చీరె అంచంత వెడల్పున్న ఉక్కు పట్టీ. ఒక అంచు పొడవునా పళ్లు. మిల్లువాళ్లు తెగిపోయిందని పక్కన పడేసిన రంపం పట్టీని అడిగి తెచ్చి, వెల్డింగుతో రెండు కొసలూ అతికించాడు. అది పెద్ద గాజులాగా గుండ్రంగా అయింది. మా అమ్మ చూసింది. చాట పక్కన పెట్టి లేచింది. అత్తగారింటికి వచ్చిన నాటి నుంచి మామ ముందు గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచింది.

"ఏం మామా, గా రంపం నోట్లనే గదా గాయన చెయ్యి పాయె! మల్ల గదే రంపం ఇంటికి దెచ్చిండ్రా? మీకు మనసెట్ల ఒప్పింది?"

మా తాత నేల చూపులు చూశాడు. "వేపమొద్దు ఊకెనే పడి ఉన్నది గదమ్మా, కోస్కుందమని" అన్నాడు. గాలివానకు పడిపోయిన వేపచెట్టు ఒకటి మా వెనక జాగలో ఉన్న మాట నిజమే. కానీ దాన్ని మిల్లుకు పంపితే పోయేదానికి ఇంత పని ఎందుకు? అమ్మ అదే అడిగింది. ఆయన వెనక్కి తిరిగి పట్టీని గోడకు ఆనించాడు. ఆ రోజు నుంచి అమ్మ ఆయనకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. ఎవరి పక్షాన ఉండాలో తెలియక నేను ఇద్దరి దగ్గరా నోరు మూసుకుని తిరిగాను.

మిషన్ కొంచెం కొంచెంగా రూపానికి వచ్చింది. యాంగ్లర్లతో కట్టిన చట్రానికి అటొకటి ఇటొకటి జీపు చక్రాలు. ఒకదాన్ని ఇంజను తిప్పుతుంది, దాని వెంట రెండోది తిరుగుతుంది. టైర్ల మీదుగా రంపం పట్టీ. చట్రం మొత్తం బేరింగుల మీద, పొడుగాటి ఇనుప పట్టాల వెంట దొర్లుతుంది. మధ్యలో మొద్దును పెట్టి చట్రాన్ని నెడుతూ పోతే పలక లేస్తుంది. మా తాత నాకు అన్నీ ముట్టించి, పేర్లు చెప్పి చూపించాడు. పళ్లను మాత్రం ముట్టనివ్వలేదు.

చేత్తో చక్రం తిప్పి చూసేవాడు. పట్టీ మెల్లగా పక్కకు జరిగి జరిగి, చక్రం మీది నుంచి జారి, గల్లీ అంతా వినపడేలా కింద పడేది. పట్టీ పడ్డ ప్రతిసారీ లోపలి అర్రలో మంచం కిర్రుమనేది. నేను గుమ్మంలో నిలబడి ఉండేదాన్ని కాబట్టి రెండు చప్పుళ్లూ నాకు వినపడేవి. మా తాత మళ్లీ ఎక్కించేవాడు. మళ్లీ పడేది. "ఏం తక్కువైందో ఏమో, సమజ్ అయితలేదు" అని పెద్దగా అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ చేసిన బీడీలు ఇచ్చి రావడానికి పోయింది. నాయిన నిద్రపోతున్నాడు. మా తాత అవతలి చక్రం వెనక ఉన్న ఒక నట్టును కొద్దిగా బిగించి, చక్రం తిప్పాడు. పట్టీ జారలేదు. టైరు నట్టనడుమ గీత గీసినట్టు నిలబడి తిరిగింది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆయన నా చేతులు పట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఆ నట్టును మళ్లీ మొదట్లాగే వదులు చేసేశాడు. మరునాడు పొద్దున ఎప్పట్లాగే పట్టీ ఎక్కించాడు, తిప్పాడు, అది పెద్ద చప్పుడుతో పడింది. "సమజ్ అయితలేదు" అన్నాడు.

నాకు భయం వేసింది. మా గల్లీలో ఒక ముసలామె అన్నం తిని కూడా తినలేదని ఏడుస్తుండేది. మా తాతకు కూడా అదే వచ్చిందనుకున్నాను. అమ్మతో చెబుదామంటే ఆమె తాత పేరెత్తితే మొహం తిప్పుకుంటుంది. అందుకని అన్నం గిన్నె ఇవ్వడానికి అర్రలోకి పోయినప్పుడు నాయిన వీపుతో చెప్పాను.

"తాత యాది మరుస్తుండు నాయినా. నట్టు తిప్పితె పట్టీ మంచిగనే ఆగింది. మల్ల ఆయననే వదులు జేసిండు. ఇప్పుడేమో సమజ్ అయితలేదంటుండు."

నేను లేవబోతుంటే గోడవైపు నుంచే మాట వచ్చింది. "ఏ నట్టు?"

ఆయన నన్ను ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో! చెప్పాను. "ఇంజను దిక్కుదా, అవతలిదా?" అవతలిదన్నాను. "ఇంజను దిక్కు చక్రం కదిలించిండా?" లేదన్నాను. మా నాయిన వెల్లకిలా తిరిగి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఆయన నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో నాకు తెలియలేదు. అన్నం మాత్రం నా ముందే తిన్నాడు.

ఇప్పుడైతే నాకు కొంత తెలుసు. తప్పుగా తిరిగే రంపం చప్పుడు విని కొడుకు ఉండబట్టలేక బయటికి వస్తాడని మా తాత ఆశ. అది ఎత్తు. నేను ఆ ఎత్తును తీసుకుపోయి, ఎవరి కోసం వేశాడో ఆయన చేతిలోనే పెట్టాను. నాటకమని తెలిశాక ఇంక ఎందుకు వస్తాడు? రాలేదు. ఆ తర్వాత కూడా పట్టీ పడుతూనే ఉంది, మంచం మాత్రం కిర్రుమనలేదు.

చివరికి మా తాత అలసిపోయాడు. ఒక పొద్దున ఎవరివైపూ చూడకుండా, "ఇగ సాలు. ఇయ్యాల ఇంజను పెట్టి నడిపిస్త" అన్నాడు. నాటకమేమీ లేదు, నా కళ్ల ముందే ఆ నట్టును సరిగ్గా బిగించాడు. పట్టీ నడుమ నిలిచింది. ఇంజనుకు హ్యాండిలు తగిలించి, దానిమీద వంగాడు.

"నాయినా, ఆగు!"

మా నాయిన వెనక గుమ్మంలో ఉన్నాడు. ఎండకు కళ్లు చిట్లించుకుని, గడ్డం పెరిగిపోయి, నాకే కొత్త మనిషిలా కనపడ్డాడు. "స్టార్ట్ జేయకు! చేతితోని తిప్పితె ఆగుతది గది. స్పీడుకు ఆగదు. ఎగిరి నీ మెడ మీదికి వస్తది!"

"మంచిగనే ఉన్నది గదరా" అన్నాడు మా తాత.

"ఏం మంచిగున్నది? అవతలి నట్టు బిగిస్తెనే పట్టీ ఆగుతున్నదంటె ఇంజను దిక్కు చక్రమే వంకర ఉన్నట్టు గదా, చూసినవా ఎటు మర్లిందో? నీకు జీపులు తెలుసు గాని రంపం ఏం తెలుసే నాయినా!" అని తండ్రి మీద అరిచాడు. తర్వాత నావైపు తిరిగి, "దారం తే బిడ్డా" అన్నాడు.

నేను కదిలేలోపే నా భుజం పక్క నుంచి ఒక చెయ్యి ముందుకు వచ్చింది. మా అమ్మ. బీడీలు కట్టే దారపు ఉండ నా చేతిలో పెట్టింది. రంపం పేరు చెబితే మండిపడే మనిషి ఎప్పుడు వచ్చి నిలబడిందో, దారం ఎందుకు ఇచ్చిందో నాకు తెలియదు. ఇచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నాయిన దారం ఒక కొస నాకిచ్చి, అవతలి చక్రం అంచున పట్టుకోమన్నాడు. రెండో కొస ఇంజను దిక్కు చక్రం వరకు ఎడమచేత్తో లాగాడు. అక్కడ దారాన్ని పైకీ కిందికీ సర్ది, ఇంకో చేత్తో అంచుకు నొక్కిపట్టాలి. ఆయన ఒక్క క్షణం ఆగాడు. తువ్వాల జారి నేల మీద పడింది. మిగిలిన ఆ రెండు వేళ్లతో దారం కొసను గట్టిగా పట్టుకున్నాడు. నేను ఆ చేతిని మొదటిసారి చూడడం అదే. చూడాలో వద్దో తెలియక దారం వంకే చూశాను. నా వైపు చక్రానికి దారం రెండు అంచులా తాకింది. ఆయన వైపు ఒక అంచుకే తాకింది, రెండో అంచు దగ్గర నా చిటికెనవేలు దూరేంత సందు ఉంది.

మా తాత వచ్చి ఆ సందు చూశాడు. వంగి మళ్లీ చూశాడు. హ్యాండిలు పక్కన పెట్టాడు. మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి ఆ చక్రం విప్పారు, సందు పోయేలా ఇనుప బిళ్లలు, వాషర్లు వేసి సరిచేశారు. పళ్లు కనపడే చోటల్లా రేకుతో మూత బిగించేదాకా ఇంజను ముట్టనివ్వలేదు మా నాయిన. మిషన్ నడిచిన రోజు వేపమొద్దు లోంచి తడి తడిగా, చేదు వాసనతో మొదటి పలక లేచింది. అమ్మ వంటింట్లో చెవులు మూసుకుని కూర్చుంది. ఇంజను ఆగాక చాయ్ తెచ్చింది. ముందు మామకే ఇచ్చింది. ఆ మిషన్ మీదనే మా నాయిన మమ్మల్ని సాకాడు. నర్సాపూర్ దిక్కు నుంచి కూడా మొద్దులు బండ్ల మీద వచ్చేవి.

నాకు మాత్రం అనుమానం తీరలేదు. ఒకరోజు మా తాతనే అడిగాను, నిజంగా యాది మరిచావా అని. ఆయన తల గోక్కున్నాడు. "మొదలు నటననే బిడ్డా. నాకు గా పని వస్తదనే అనుకున్న. మీ నాయిన దారం గుంజినంక తెలిసింది, నాకు నిజంగనే రాదని" అన్నాడు. ఆయన నవ్వుతూనే చెప్పాడు గానీ కళ్లు తుడుచుకున్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, మా నాయినను కూడా అడిగాను. నాటకమని తెలిసి ఎందుకు బయటికి వచ్చావని. "ఆయనకు నిజంగ గా పని వచ్చుంటె నేను బయటికి రాకపోతుంటి" అన్నాడు. అంతే.

మరి ఆ రోజు ఎవరు ఎవరిని కాపాడారు? తాత ఎత్తు పారిందా, పారలేదా? నేను చెప్పకపోతే నాయిన ఆ చక్రం గురించి ఆలోచించేవాడే కాదేమో. తాతకు ఆ పని నిజంగా వచ్చి ఉంటే ఆ అర్ర తలుపు తెరుచుకునేదే కాదేమో. ఈ వయసులో కూడా ఇది నాకు ఒక కొలిక్కి రాలేదు.

కానీ అప్పటి నుంచి ఒకటి నాతోనే ఉంది. దుఃఖంలో కూలబడ్డ మనిషి దగ్గరికి ధైర్యం చెప్పడానికి నేను పోను. పని రానట్టు నటించనూ నటించను, అది వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నాకు నిజంగా చేతకాని పని ఏదైనా పట్టుకుని పోతాను. పోయిన వానాకాలం పక్కింటామె భర్త పోయాడు. ఆమె బట్టలు కుట్టే మనిషి, కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసి తలుపేసుకుంది. నేను ఒక జాకెట్టు గుడ్డ తీసుకుని, రెండు రోజులు తంటాలుపడి, నా శక్తికొద్దీ కత్తిరించాను. పూర్తిగా చెడిపోయింది. పట్టుకుపోయి ఆమె ముందు పరిచాను. ఆమె ఆ గుడ్డను చూసింది, నన్ను చూసింది.

"గిదేం కత్తిరింపే అక్కా, చంకల కాడ గింత లోతు ఎవలన్న తీస్తరా!" అని గట్టిగా కోప్పడింది. కోప్పడుతూనే కత్తెర కోసం అటూ ఇటూ చూసింది. నేను కింద చాప పరుచుకుని, ఎక్కడ తప్పు చేశానో చెప్పమని కూర్చున్నాను.