పాలపిట్టకు ఏ వైపు చుట్టం

ఆ రోజుల్లో ఒంటరితనం అనే మాట నా నోటికి వచ్చేది కాదు. అది కథల్లో మనుషులకు ఉంటుందని, నాలాంటి వాడికి ఉండేది ఉత్త బోరేనని నా నమ్మకం. ఎనభైల మొదట్లో అక్కాబావలు నన్ను న్యూజెర్సీకి రప్పించుకున్నారు. నేను వచ్చి కుదురుకునేలోపే బావకు టెక్సాస్‌లో ఉద్యోగం రావడంతో సామాను సర్దుకుని వెళ్లిపోయారు. (నా వంటకు భయపడి పారిపోయామని బావ ఇప్పటికీ అంటాడు.) ఎడిసన్ దగ్గర ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ, అక్క వదిలేసిన రైస్ కుక్కరూ మిగిలాం. ఓక్ ట్రీ రోడ్డు మీద ఇప్పుడున్నన్ని మన దుకాణాలు అప్పుడు లేవు. ఆదివారం అక్కతో కాసేపు ఫోన్‌లో మాట్లాడితే, మళ్లీ ఆదివారం దాకా నాతో తెలుగులో మాట్లాడేవాడు లేడు. మిగతా రోజుల్లో నాకు ఫోన్ చేసేవాళ్లంతా ఆఫ్రికా పోదామనుకునేవాళ్లే.

నా ఉద్యోగం అలాంటిది మరి. వరంగల్‌లో బీకాం చదివిన నేను, ఒక లాండ్రీకీ పిజ్జా దుకాణానికీ మధ్య ఇరుక్కున్న ట్రావెల్ ఏజెన్సీలో కూర్చుని, ఆఫ్రికా బుష్‌వెల్డ్‌లో పక్షులను చూసే యాత్రలు అమ్మేవాణ్ని. బుష్‌వెల్డ్ అంటే ముళ్లచెట్లూ ఎండుగడ్డీ కలిసిన మెట్ట అడవి. ఫొటోల్లో చూస్తే అచ్చం మా ఊరి బయట తుమ్మచెట్ల బీడులాగే ఉండేది, జిరాఫీ ఒక్కటే అదనం. మా యజమాని ఒంటి నిండా జేబులున్న చొక్కా తప్ప ఇంకొకటి తొడిగేవాడు కాదు కాబట్టి నా మనసులో ఆయన పేరు ఖాకీ దొర. బ్రోచర్లన్నీ నేను బట్టీ పట్టేశాను. ఏ లాడ్జిలో వరండాలో కూర్చుంటేనే నీటిగుంట కనిపిస్తుంది, ఏ క్యాంపులో స్నానాల గదికి పైకప్పు ఉండదు, ఎక్కడ గైడ్ తెల్లారకముందే టీ కప్పుతో వచ్చి లేపుతాడు, అన్నీ పుట్టి పెరిగినవాడిలా చెప్పేవాణ్ని. ఆఫ్రికా ఎన్నడూ చూడలేదు, చూసే దారీ లేదు. మా యాత్రలు జింబాబ్వే వైపే అయినా మొదటి రాత్రి బస జొహానెస్‌బర్గ్‌లో. అది దక్షిణాఫ్రికాలో ఉంది, అక్కడి వర్ణవివక్ష వల్ల ఆ దేశానికి మాత్రం చెల్లదని నా ఇండియన్ పాస్‌పోర్ట్‌లో అచ్చేసి ఉండేది.

నా టేబుల్ ఎదురుగా గోడ మీద ఒక పోస్టర్ ఉండేది. ముళ్లకొమ్మ చివర నీలి రెక్కల పక్షి ఒకటి మెడ తిప్పి నన్నే చూస్తూ ఉండేది. చేరిన మొదటి రోజే గుర్తుపట్టాను, అది మన పాలపిట్ట. అమెరికాలో నాకు కనిపించిన మొదటి తెలిసిన ముఖం అదే. దసరా నాటి సాయంత్రం మా వైపు ఊరి పొలిమేర దాటి వెళ్లి పాలపిట్టను చూస్తారు, జమ్మి ఆకు తెచ్చి బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెడతారు, ఈడువాళ్లను అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటారు. పాలపిట్ట కంటబడితే ఆ ఏడాదికి ఢోకా లేదు. ఆ దసరాకు ఖాకీ దొర లంచ్‌కు వెళ్లిన సమయం చూసి, పార్కింగ్ లాట్‌లో ఉన్న చెట్టు నుంచి ఆకులు కోసుకొచ్చాను. (ఆ చెట్టు పేరు తెలియదు, ఆకులు మాత్రం జమ్మిలాగే చిన్నచిన్నవి, అక్టోబర్ కాబట్టి నిజంగానే బంగారు రంగుకు తిరిగాయి.) బూట్లు విప్పి, సాక్సులతో నిలబడి, పోస్టర్‌కు రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పక్కన ఒక ముసలావిడ, మెడలో బైనాక్యులర్స్‌తో, ఆమె కూడా ఊపిరి బిగబట్టి పోస్టర్ వంకే చూస్తోంది.

ఆమె ఆ ఊరి పక్షుల క్లబ్‌కు పెద్ద దిక్కు. నా మనసులో ఆమె పేరు బైనాక్యులర్ల అవ్వ. ఆమె మాట్లాడింది ఇంగ్లీషేగానీ ఇన్నేళ్లుగా తలుచుకుని తలుచుకుని నా జ్ఞాపకంలో మా వైపు మాట అయిపోయింది, అందరి మాటలూ అలాగే చెబుతాను.

"యాబై ఏండ్ల సంది పిట్టలను చూస్తున్న గానీ, పిట్టకు దండం పెట్టేటోన్ని నిన్నే చూసిన. ఆదివారం పొద్దుగాల మాతోని రా. అయినంక అందరం కలిసి పాన్‌కేక్స్ తింటం."

నేను పక్షుల పండితుణ్నని ఆమె అనుకుందని అర్థమైంది. నాకు తెలిసినవి కాకి, పిచ్చుక, ఈ పాలపిట్ట. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచానుగానీ, "అందరం కలిసి" అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. నేను మరొక మనిషి ఎదురుగా కూర్చుని తిండి తిని అప్పటికి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. వస్తానన్నాను. ఆ కంగారులో ఆకులు ఆమె చేతిలో పెట్టడం మరిచిపోయి జేబులోనే ఉంచుకుని ఇంటికి వెళ్లాను.

మనుషులతో మాట్లాడాలని మొహం వాచిన వాడు చేరకూడని గుంపు భూమ్మీద ఏదైనా ఉంటే అది పక్షులు చూసేవాళ్ల గుంపే. అక్కడ ఎవరూ మాట్లాడరు. దగ్గు వచ్చినా మింగేస్తారు. తెల్లవారుజామున చలిలో, చిత్తడి నేల పక్కన, పదిమంది వృద్ధులతో కలిసి నోరు మూసుకుని నడిచేవాణ్ని. ఎవరైనా వేలు చూపిస్తే బైనాక్యులర్స్ ఎత్తి, కనిపించినా కనిపించకపోయినా "ఆహా" అని గొంతు తగ్గించి అనేవాణ్ని. (వాటిని తిరగేసి పట్టుకున్నానని మూడో వారం కాబోలు తెలిసింది.) నడక అయ్యాక డైనర్‌లో, అంటే రోడ్డు పక్క టిఫిన్ హోటల్లో, మాత్రం అందరి నోళ్లూ ఒక్కసారే తెరుచుకునేవి. మోకాళ్ల నొప్పులు, మనవలు, చచ్చిపోయిన కుక్కలు. నా ప్లేట్‌లో ఎవరో ఒకరు అడగకుండానే ఇంకో పాన్‌కేక్ వేసేవాళ్లు. ఆ ఒక్క గంట కోసం వారమంతా గడిపేవాణ్ని. నా గుట్టు బయటపడితే ఆ కుర్చీ పోతుందన్నదే నా భయం.

ఇంతలో ఖాకీ దొర వచ్చి, "క్లబ్‌వాళ్లంతా ఒక గ్రూప్‌గా బుష్‌వెల్డ్ పోదామంటున్నరు. లైబ్రరీలో స్లైడ్‌లు పెట్టి నువ్వే మాట్లాడు. నిన్ను ఎక్స్‌పర్ట్ అనుకుంటున్నట్టున్నరు" అన్నాడు. ఎందుకనుకుంటున్నారో ఆయనకు అర్థం కాలేదు. నాకు ఆ వారం అన్నం సయించలేదు.

ఆ రోజు లైబ్రరీలో, లాడ్జిల స్లైడ్‌ల దాకా బండి బాగానే నడిచింది. మొదటి గుడిసె స్లైడ్ తలకిందులుగా పడితే, పైకప్పు లేని స్నానాల గది ఇదేనని చెప్పి నవ్వించాను కూడా. తర్వాత తెర మీదకు పాలపిట్ట వచ్చింది. ప్రాణం లేచొచ్చి, దసరా సంగతీ, పొలిమేర సంగతీ, బంగారం సంగతీ మొత్తం చెప్పేశాను. అప్పుడు ముందు వరసలో మా నడకల గుంపులోని రిటైర్డ్ సైన్స్ టీచర్, నేను దిద్దుబాటు సారు అని పిలుచుకునేవాడు, చెయ్యెత్తాడు.

"మీ దేశంలోది ఇది కాదు బాబూ. దీని రొమ్ము చూడు, ఊదారంగు. మీ పిట్టకు ఇది కజిన్ అయితది."

సంవత్సరం పొడుగునా రోజూ పొద్దున్నే పలకరించిన ముఖం, మనది కాదా? ఆ దుఃఖంలో నోటికి వచ్చింది అడిగేశాను.

"కజిన్ అంటే ఏ వైపు సార్?"

హాలు గొల్లుమంది. నేను నవ్వించడానికి అడగలేదు. అదే చెప్పాను. మాకు ఉత్త కజిన్ అనేవాళ్లు ఉండరు, పెద్దమ్మ కూతురైతే అక్క, మేనమామ కూతురైతే మరదలు, ఒకరి ముందు బుద్ధిగా ఉండాలి, ఇంకొకరిని ఆటపట్టించాలి, ఏ వైపో తెలియకపోతే ఆ చుట్టంతో ఎలా మసలుకోవాలో మాకు తెలియదు అన్నాను. ఆ ఊపులోనే, పక్షుల గురించి నాకేమీ తెలియదని, ఆదివారాలు మీతో కూర్చోవడానికే వస్తున్నానని కూడా అనేశాను.

అవ్వ కుర్చీలో నుంచి లేవకుండానే అంది, "మాకు మొదటి ఆదివారమే తెల్సు. కాకిని చూసి ఆహా అన్నవ్. పిట్టల కోసం వచ్చేటోడు పాన్‌కేక్ ముందు అట్ల కూసోడు. మల్లవారం జర తొందరగా రా, నీ కుర్చీల సారు కోటు పెడుతుండు."

తరువాతి అక్టోబర్‌లో వాళ్లు బయలుదేరారు. వానలకు ముందు ఆకులు రాలి పిట్టలు బాగా కనపడతాయని ఖాకీ దొర చెప్పిన నెల అదే, నేను చెప్పిన దసరా పడింది కూడా అందులోనే. నన్నూ రమ్మన్నారు. పాస్‌పోర్ట్‌లో ఆ పేజీ తీసి చూపించాను. అవ్వ అది చదివి, మూసి ఇచ్చింది. ఆ దసరాకు దుకాణంలో ఒక్కణ్నే ఉన్నాను. పాత అలవాటు కొద్దీ ఆకులు కోసుకొచ్చి పోస్టర్ ముందు నిలబడ్డానుగానీ, పరాయి పిట్టకు దండం పెట్టాలా వద్దా అని చేతులు ఆడక ఆకులు డ్రాయర్‌లో పడేశాను. ఆదివారం డైనర్‌కు ఒక్కణ్నే వెళ్లి, మా పెద్ద టేబుల్ దగ్గర వేరే కుటుంబం కూర్చుని ఉంటే కాఫీ కూడా తాగకుండా వెనక్కు వచ్చేశాను. ఆ రోజు బస్‌స్టాప్‌లో నిలబడి మొదటిసారి అనుకున్నాను, ఇది బోరు కాదని.

వాళ్లు తిరిగొచ్చిన మర్నాడే అవ్వ దుకాణానికి వచ్చింది, ముక్కు మీద తోలు ఊడి, ఎర్రటి దుమ్ము వదలని బూట్లతో. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"దసరా నాడు లాడ్జి గేటు దాటి, నువ్వు చెప్పినట్లే బయటికి పోయినం. ముళ్లచెట్టు మీద కూసున్నది. అందరం బూట్లు విప్పినం, సారు కూడా. ముండ్లు గుచ్చుకున్నయ్. దండం పెట్టి నీ పేరు చెప్పినం. నీ బదులు మేం చూసినం, చెల్లుతదా?"

చెల్లుతుందో లేదో నాకేం తెలుసు. చెల్లుతుందన్నాను.

"అయితే ఇది విను. మా గైడ్ ఆ పక్క ఊరాయననే. ఎవరి కోసం మొక్కుతున్నరు అని అడిగిండు. మా ఊర్ల పిలగాడు, నాకు కజిన్ అయితడు అన్న. ఆయన నవ్వలేదు. ఏ వైపు కజిన్ అమ్మా అని అడిగిండు. వాళ్లకు కూడా తెల్వాల్నంట. నాకేం చెప్పాల్నో తెల్వక అమ్మ వైపు అన్న. సరిగ్గనే చెప్పిన్నా?"

అమ్మ వైపు అంటే ఒక చిక్కుంది. మేనమామ కూతురైతే వరస వేరే దారి పడుతుంది. ఆవిడ వయసూ, బూట్ల మీద దుమ్మూ చూసి, పెద్దమ్మ కూతురిగానే ఖాయం చేసుకున్నాను. అంటే అన్నాళ్లూ అవ్వ అనుకున్న మనిషి నాకు అక్క. డ్రాయర్‌లో వాడిపోయి పడి ఉన్న ఆకులు తీసి ఆమె చేతిలో పెట్టి, లాండ్రీ వాళ్లు అద్దంలో నుంచి చూస్తూ ఉండగా వంగి కాళ్లకు దండం పెట్టాను. ఆ రోజు నుంచి ఆమె ఉన్నన్నాళ్లూ అక్కా అనే పిలిచాను, ఆమె ఆ ఆకులను బైనాక్యులర్ల పెట్టెలో వేసుకుని తిరిగింది.

ఇప్పుడు నేను ఉంటున్న క్యారీ ఊరిలో దసరా అంటే ఒక స్కూల్ ఆడిటోరియం నిండా మనవాళ్లే. పాలపిట్ట ఫోన్‌లోనే వచ్చేస్తుంది, "అంకుల్, చూశారా?" అని పిల్లలు స్క్రీన్ నా ముక్కు దగ్గర పెడతారు. చూశానంటాను. అది మనదేగానీ, నాకు మాత్రం రొమ్ము మీద కాస్త ఊదారంగు తక్కువైనట్లు కనిపిస్తుంది. అప్పుడు సాక్సులతో నిలబడి, జేబు నిండా ఆకులు పెట్టుకుని, ఇవ్వడానికి ఒక్క చెయ్యి కోసం చూస్తున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. కాస్త ఆగరా, అక్క వస్తోంది అని వాడికి చెప్పాలనిపిస్తుంది.