ముద్ర లేని రొయ్యల పెట్టెలు

సచియె రొయ్య వీపు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. పెంకు మెత్తగా లోపలికి పోయింది. కుబుసం విడిచి ఇంకా గట్టిపడని రొయ్య అది. పెట్టెలో పెడితే అదీ చస్తుంది, పక్కవాటినీ చంపుతుంది. దాన్ని పక్కనున్న తొట్టిలోకి విసిరింది. నీళ్లు ఎగిరి ఎదురుబల్ల దాకా పడ్డాయి.

"నెమ్మదే తల్లీ, అది నీకేం చేసింది?" అంది అటువైపు కూర్చున్న మిత్సుయో, మొహం తుడుచుకుంటూ.

"నా కోపం దాని మీద కాదులే."

"ఎవరి మీదో షెడ్డు మొత్తానికీ తెలుసు. పొద్దున్నుంచి నీ బల్ల వైపు పిల్లి కూడా రాలేదు."

సచియె నవ్వలేదు. చల్లటి నీళ్లలో నిద్రపోయిన రొయ్యల్ని ఒక్కొక్కటే తీసి, తిన్నగా చాపి, అట్టపెట్టెలో వరసగా పడుకోబెట్టింది. మీద రంపపు పొట్టు పరిచింది. ఆ పొట్టును ముందురోజే ఆరబెట్టి, రాత్రంతా చల్లగదిలో ఉంచింది. పొట్టు, రొయ్యలు, మళ్లీ పొట్టు. అలా సర్దితే నీటిచుక్క లేకుండానే బతికి ఉంటాయి. అమకుసా దీవి ఒడ్డున ఈ షెడ్డులో పెట్టెకెక్కిన రొయ్య ఫుకుఓకాలో విమానమెక్కి, హాంకాంగ్‌లో వంటవాడు పొట్టు దులపగానే అతని చేతిలోంచి ఎగిరి దూకాలి. జుట్టు నెరవకముందు నుంచీ ఆమె చేస్తున్న పని ఇదే.

మూత వేసి పట్టీ అంటించాక, పెట్టె మూలన సర్దినవాళ్లు తమ పేరున్న చిన్న కర్రముద్ర ఎర్రసిరాలో అద్ది వేస్తారు. అది షెడ్డు ఆనవాయితీ. మంచైనా చెడైనా ఎవరి చేతిదో తెలుస్తుంది. సచియె ముద్రున్న పెట్టెలే కావాలని అడిగి తెప్పించుకునే హోటళ్లున్నాయి హాంకాంగ్‌లో.

ఇవాళ ముద్ర బల్ల మీద లేదు. యజమాని కురోసె పొద్దున్నే దాన్ని తీసి తన సొరుగులో వేసుకున్నాడు.

పోయిన రెండు సార్లూ సరుకు చచ్చి చేరింది. హాంకాంగ్ వ్యాపారి ఫొటోలు పంపాడు. పొట్టు తడిసి ముద్దలు కట్టింది. రొయ్యలు తెల్లగా పాలిపోయాయి. తడిపొట్టులో సర్దారని రాశాడు. ఈసారీ ఇలాగే అయితే ఇక తెప్పించుకోడట, పక్క దీవిలోని షెడ్డుకి పోతాడట. ఆయన పోతే, సర్దే బల్ల దగ్గర సచియెకి ఇక చోటు ఉండదు. కురోసె అంత మాట పైకి అనలేదు గానీ, ముద్ర తీసి దాచినప్పుడే ఆ మాట అన్నట్టయింది.

"నేను మిమ్మల్నేమీ అనడం లేదు సచియె గారూ," అన్నాడు పొద్దున. "ఈ ఒక్కసారి ముద్ర లేకుండా పోనిద్దాం. మీకూ మంచిదే."

"తడిపొట్టు పెట్టానని మీరు నమ్ముతున్నారా?"

"ఫొటో ఉంది కదండీ."

"ఫొటోలో నా చెయ్యి కనబడిందా?"

సచియె పొట్టు తొట్టిలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిసికి, కురోసె చొక్కా ముందు గుప్పిట విప్పింది. పొట్టు పిండిలా రాలి గుండీల మీద, జేబులో పడింది. ఒక్క రవ్వ కూడా అంటుకోలేదు. ఆయన దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆఖరి పెట్టె మూసేసరికి సరుకు చేరవేసే గెంజో తన వ్యాను వెనక్కి తిప్పి షెడ్డు గుమ్మానికి ఆనించాడు. పెట్టెలు ఎక్కించాక సచియె ఏప్రన్ కూడా విప్పకుండా ముందుసీటులో ఎక్కి కూర్చుంది.

"మీరెక్కడికి?" అన్నాడు కురోసె.

"నా పెట్టెలతో. ఎక్కడ చస్తున్నాయో నేనే చూసుకుంటాను." కిటికీలోంచి చెయ్యి చాపింది. "నా ముద్ర ఇవ్వండి."

"వెయ్యొద్దనుకున్నాం కదా."

"అనుకున్నది మీరు. నా పేరు మీ సొరుగులో ఎందుకు?"

చుట్టూ ఆడవాళ్లు చూస్తున్నారు. కురోసె లోపలికెళ్లి ముద్ర తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

వ్యాను వంతెనలన్నీ దాటింది. గెంజో ఆమెకన్నా పెద్దవాడు, కాలం చేసిన ఆమె భర్తకి స్నేహితుడు. ఒళ్లో నారింజలు పెట్టుకుని ఒకటి ఒలిచి ఆమె వైపు చాపాడు. ఆమె తీసుకోలేదు.

"ఎండాకాలం నుంచి నాతో మాట్లాడ్డం లేదు మీరు," అన్నాడు చివరికి.

"మాట్లాడితే తిడతాను."

"మాట్లాడకపోయినా తిట్టినట్టే ఉంది."

దారిలో టీ దుకాణం దగ్గర ఆపాడు. సచియె దిగి నేరుగా వెనక్కి నడిచింది. "తలుపు తియ్యండి."

గెంజో తీశాడు. తెల్లటి పొగలా చలి మొహానికి కొట్టింది. గడియ మీద మంచు పేరుకుని ఉంది. చెయ్యి పెడితే అంటుకుంది.

"ఏమిటిది?"

"చలి," అన్నాడు గెంజో, కాస్త గర్వంగానే. "ఎండల్లో తిట్టారుగా, రొయ్యల్ని ఉడకబెట్టి తీసుకెళ్తున్నారా అని. అప్పట్నుంచి చల్లబరిచే యంత్రం మీట చివరిదాకా తిప్పేస్తున్నాను. ఇరవయ్యేళ్లు ఇందులో ట్యూనాలు మోశాను, రాళ్లలా ఉండేవి. ఒక్కటీ పాడవలేదు."

సచియె పెట్టెల వంక చూస్తూ నిలబడిపోయింది. ఎండల్లో సరిపోయిన ఆ చలికి ఇప్పుడు బయటి చలి కూడా తోడై రొయ్యలు ఇక్కడే గడ్డకట్టి చస్తున్నాయి. విమానం దిగాక ఆ గడ్డ కరిగి నీళ్లవుతోంది. ఆ నీళ్లే ఆమె పొట్టుని తడిపాయి.

"ట్యూనాలు చచ్చిన చేపలు గెంజో గారూ. ఇవి నిద్రపోతున్నాయి."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా."

"మీరు అడగొచ్చుగా."

"ఎవర్ని, మిమ్మల్నా? ఆ రోజు పొట్టు తోడే పార నా మీదికి ఎత్తారు."

ఎత్తిన మాట నిజమే. ఎంత చలి కావాలో ఒక్క ముక్క చెప్పకుండా తిట్టి పంపిందీ తనే. పొద్దున్నుంచి కురోసె మీద, ఆ ఫొటోల మీద పెంచుకున్న కోపానికి ఇప్పుడు తన మీది కోపం కూడా వచ్చి కలిసింది. అలాగని వాళ్ల మీది కోపమేమీ తగ్గలేదు. మీటని విరిగిపోతుందేమో అన్నంత విసురుగా వెనక్కి తిప్పింది. వ్యానులోకెక్కి, గాలి కొట్టే ఫ్యాను దగ్గర్నుంచి పెట్టెల్ని బయటికి లాగింది.

"నిలబడి చూస్తారేం? పట్టండి."

ఫ్యాను పక్కనున్న పెట్టె పట్టీ చీల్చి చూస్తే రొయ్యలు పుల్లల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. దాని వెనకదీ అంతే. తలుపు దగ్గరి పెట్టె తెరిచి, పొట్టులో వేళ్లు పెట్టి ఒక రొయ్యని తీసి అరచేతిలో పెట్టుకుంది. అది కదల్లేదు. ఇద్దరూ దాని మీదికి వంగారు. ఆమె గుప్పిట మూసి, వెచ్చటి ఊపిరి తగలకుండా మొహం పక్కకి తిప్పుకుంది. మళ్లీ తెరిచింది. నోటి దగ్గరి సన్నటి కాలొకటి మెల్లగా ముందుకి జరిగింది. తర్వాత ఇంకొకటి. ఉన్నట్టుండి తోక విదిలించింది. పొట్టు ఎగిరి గెంజో కళ్లలో పడింది.

"మిమ్మల్ని గుర్తుపట్టింది," అంది సచియె.

పెట్టెలన్నీ విప్పి చూసింది. ఫ్యాను దగ్గరవి తప్ప మిగతావి బతికే ఉన్నాయి. మధ్య వరసల్లో బిగుసుకున్న వాటిని ఏరేసి, మళ్లీ సర్ది, కొత్త పట్టీ వేసింది.

"పోయినవాటిని ఏం చేద్దాం?" అన్నాడు గెంజో, తలదించుకుని.

"కురోసె గారి బల్ల మీద పెట్టండి. ఫొటోలంటే ఇష్టం కదా, తీసుకుంటారు. ఎలా చచ్చాయో మీ నోటితోనే చెప్పండి."

"చెప్తాను."

"నేనూ పక్కనే ఉంటాను. నా వంతు నేను చెప్తాను. ఆయన వంతు కూడా నేనే చెప్తాను."

ఈసారి నారింజ తీసుకుంది.

ఫుకుఓకాలో సరుకు దించే గిడ్డంగి దగ్గర గుమాస్తా పెట్టెలు చూసి, కాగితంలో కంటే తగ్గాయన్నాడు. సచియె అంకె కొట్టేయించి సరైనది రాయించింది. తర్వాత ఏప్రన్ జేబులోంచి కర్రముద్ర తీసి, సిరా తేలేదని అప్పుడు గమనించింది. గుమాస్తా బల్ల మీదున్న ఎర్రసిరా డబ్బీని అడక్కుండానే తన వైపు లాక్కుంది.

"ఏమ్మా, అది ఆఫీసుది."

"ఇది నా పేరు," అంటూ మొదటి పెట్టె మూలన అట్ట సొట్టపడేలా నొక్కింది.

ఒక్కో పెట్టె మీదా ముద్ర వేసి, సిరా ఆరేదాకా చేత్తో గాలి విసిరి, గిరగిర తిరిగే గొట్టాల బల్ల మీదికి తోసింది. ఆఖరిది తోస్తుంటే గోడ అవతలి నుంచి తొడుగులు వేసుకున్న రెండు చేతులు వచ్చి అందుకున్నాయి. సచియె పెట్టె వదిలేసి, డబ్బీ మూత పెట్టి గుమాస్తా ముందుకి జరిపింది.